మార్కునకు కారణము

ఛందస్సు ప్రశ్నకు పదింట నాలుగు మార్కులు వచ్చిన విద్యార్థికి, తాను గణవిభజనలో తప్పెనో, యతిస్థానము గుర్తింపలేకపోయెనో ఎవరు చెప్పవలెను?

1857లో లండన్ విశ్వవిద్యాలయపు నమూనాపై వెలసిన మదరాసు విశ్వవిద్యాలయము తొలినాళ్లలో పాఠములు చెప్పలేదు. పరీక్షలు జరిపి పట్టము లొసగుటయే దాని పని. నాటినుండి మన చదువులకు పరీక్షయే పరమార్థమయ్యెను. 1948లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము, విశ్వవిద్యాలయ విద్యలో ఒక్క సంస్కరణకే అవకాశమున్నచో అది పరీక్షలలోనే జరుగవలెనని తేల్చెను. ప్రతి విషయమునందును మూడవవంతు మార్కులు తరగతిలో చేసిన పనికి కేటాయింపవలెననెను.

న్యాయమైన మూల్యాంకనమునకు మూడు నియమములు ముఖ్యము. ఏమి పరీక్షింతుమో ముందే తెలుపవలెను. అందరిని ఒకే కొలమానముతో కొలువవలెను. ఇచ్చిన మార్కునకు కారణము చూపవలెను. మొదటి రెండింటిని అంతో యింతో పాటించుచున్నాము, మూడవదే కొఱవడినది.

దిద్దిన సమాధానపత్రమును చూచుకొను హక్కు అభ్యర్థికి కలదని, సమాచార హక్కు చట్టము ననుసరించి 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అర్జీ పెట్టి పొందవలసిన దానిని అడుగకయే చూపుట గురుధర్మము. పత్రపు అంచున “యతి సరిచూచుకొనుము” అని వ్రాయుటకు అరనిమిషము చాలును. ఆ విద్యార్థి మరల ఆ తప్పు చేయడు.