కారు టైర్ల వంక ఎప్పుడైనా చూశారా?

కొత్త కారు కొన్నప్పుడు పైడితల్లి అమ్మవారి గుడి ముందు పసుపు కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కిస్తాం. ఆ తర్వాత ఆ చక్రాల వంక మళ్లీ చూస్తామా, చెప్పండి? నేనైతే చూడలేదు. అది మావారి పని అనుకున్నాను. ఆయనేమో సర్వీసింగ్‌లో చూస్తారులే అనుకున్నారు.

ఒక కార్తీకమాసంలో తాటిపూడి వనభోజనాలకు వెళ్లి వస్తున్నాం. సన్నగా వాన. గంట్యాడ దాటాక మేక అడ్డొస్తే మావారు గట్టిగా బ్రేకు వేశారు. బండి ఆగలేదు. అలాగే జారుకుంటూ వెళ్లి రోడ్డు పక్క మట్టిలో దిగబడింది. వెనక సీట్లో మా అత్తగారు, పిల్లలు! ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ వారం రోజులు నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మెకానిక్ చూసి, "ముందు టైర్లు రెండూ గుండులాగ అరిగిపోనాయమ్మా. ఎనకవి సూడండి, ఎంత బాగున్నాయో" అన్నాడు. మన చిన్న కార్లు చాలావాటిలో ఇంజను తిప్పేది ముందు చక్రాలనేనట. బండిని లాగేదీ, మలుపు తిప్పేదీ, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ బరువు మోసేదీ అవే. మరి అవే ముందు అరగవూ!

అందుకని ఎనిమిది, పదివేల కిలోమీటర్లకొకసారి టైర్ల చోటు మార్పించాలి. ముందువి అదే పక్కన వెనక్కి వెళ్తాయి. వెనకవి మాత్రం కుడిది ఎడమకి, ఎడమది కుడికి మారి ముందుకొస్తాయి. టైరు మీద బాణం గుర్తుంటే పక్క మార్చకూడదు, ముందు వెనకలు మారిస్తే చాలు. పనిలో పనిగా అలైన్‌మెంట్ కూడా చూపించండి. టైరు గాళ్ల మధ్యలో అక్కడక్కడ చిన్న దిమ్మెలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. ఇక బేరాలాడకుండా కొత్తవి వేయించాల్సిందే.

గాలి సంగతి ఇంకా తేలిక. ఎంత ఉండాలో డ్రైవరు వైపు తలుపు తీస్తే చట్రం మీద అంటించిన చీటీలో ఉంటుంది. పదిహేను రోజులకొకసారి, బండి ఎక్కువ దూరం తిరగకముందే చూపించాలి. వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. గాలి తగ్గితే అంచులు అరుగుతాయి, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. ఎక్కువైతే నడిమి భాగం అరిగిపోతుంది. స్టెప్నీని మరచిపోకండి, అవసరం పడేది నడిరోడ్డు మీదే కదా!

మైలేజీ లెక్క మనకి కష్టమేం కాదు. ఒకసారి ట్యాంకు నిండా పోయించి కిలోమీటర్లు రాసుకోండి. మళ్లీ నిండా పోయించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. 330 కిలోమీటర్లకు 22 లీటర్లు పడితే లీటరుకు 15 అన్నమాట. ఉన్నట్టుండి తగ్గిందంటే ముందు గాలి చూపించండి.

నేను గ్యాస్ బండ మార్చిన తేదీ పక్కనే ఇవీ క్యాలెండర్ మీద రాస్తున్నాను. మాకు లీటరుకు 14 వచ్చేది, ఇప్పుడు 15 దాటుతోంది. "వనభోజనాలనాటి ఇత్తడి గుండిగ ఇన్నాళ్లకి డిక్కీలోంచి దింపారు, అందుకే" అంటారు మా అత్తగారు.