గన్నేరు విషం, గుండె మందు
పూడిమడక వంటి తీరగ్రామాల్లో ఇసుక నేలల మీద జిల్లేడును, ఇళ్ల ముందు పచ్చగన్నేరును మీరు చూసే ఉంటారు. ఈ రెండింటి పాలలోనూ కార్డియోటోనిక్ స్టీరాయిడ్లు ఉంటాయి. 1785లో విలియం విథరింగ్ గుణాలు వివరించిన డిజిటాలిస్ ఆకులోనివీ, నేటి డిజాక్సిన్ మాత్రా ఈ కోవలోవే.

ఇవి గుండె కణపు పొరలోని సోడియం–పొటాషియం పంపును అడ్డుకుంటాయి. అప్పుడు కణంలో సోడియం పెరుగుతుంది. దానివల్ల కాల్షియం బయటికి పోవడం తగ్గి, గుండె గట్టిగా ముడుచుకుంటుంది. ఇది పాత పాఠం.

ఆ పంపు కణంలోకి సంకేతాలు కూడా పంపుతుందని తరువాత తెలిసింది. శోథాన్ని రగిలించే టీహెచ్17 కణాలు ఏర్పడకుండా డిజాక్సిన్ ఆపుతుందని 2011లో ఎలుకలపై చూపారు. రక్తప్రసరణ ఆగకముందే కొద్దిగా ఉవాబైన్ ఇస్తే ఎలుక గుండెకు నష్టం తగ్గింది. విచిత్రమేమంటే, ఈ సంకేతంలో స్వల్ప ఆక్సీకరణ ఒత్తిడి కూడా ఒక భాగమే! మోతాదు మించితే అదే ఒత్తిడి, కాల్షియంతో కలిసి గుండె లయను చెడగొడుతుంది.

మనుషుల్లో ఫలితం ఇంత ఆశాజనకంగా లేదు. 1997లో వెలువడిన 6,800 మంది రోగుల అధ్యయనంలో డిజాక్సిన్ ఆసుపత్రి చేరికలను తగ్గించింది, మరణాలను తగ్గించలేదు. గుండె వైఫల్యంలో రక్తంలో దీని మోతాదు మిల్లీలీటరుకు 0.5–0.9 నానోగ్రాముల మధ్య ఉండేలా చూస్తారు. పచ్చగన్నేరు గింజకు అలాంటి కొలత లేదు. దాన్ని నమిలినవారిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.