మీకు తెలుసా? ఆ తీరాన్ని వేడినీళ్లతో కడిగారు!

1989 మార్చి 24, అర్ధరాత్రి దాటింది. అలాస్కా తీరంలో 'ఎక్సాన్ వాల్డెజ్' అనే చమురు ఓడ బ్లై రీఫ్ రాతిదిబ్బను గుద్దుకుంది. 4 కోట్ల లీటర్ల దాకా ముడిచమురు సముద్రం పాలైంది.

ఎక్కువ దెబ్బతిన్న వాటిలో సముద్రపు నీటికుక్క ఒకటి. తిమింగలానికీ సీలుకూ ఉన్నట్టు దీనికి చర్మం కింద మందపాటి కొవ్వు పొర ఉండదు. చలికి అడ్డు ఒంటిమీది బొచ్చే. ఎంత దట్టమంటే, చదరపు అంగుళంలో లక్షల వెంట్రుకలు. నీళ్లలో ఉన్నా చర్మం తడవదు. చమురు అంటిందా, ఆ బొచ్చు అట్టకట్టి చన్నీళ్లు నేరుగా ఒంటికి తగులుతాయి. పాపం, శుభ్రం చేసుకుందామని నాకుతుంది, విషం కడుపులోకి పోతుంది. దాదాపు 2,800 నీటికుక్కలు అలా పోయాయని అంచనా. సముద్రపక్షుల లెక్క 2,50,000.

తర్వాత జరిగిందే అసలు విడ్డూరం. రాళ్లకు పట్టిన జిడ్డు వదలాలని గొట్టాలతో వేడినీళ్లు బలంగా చిమ్మారు. మన వంటింటి లెక్కే! జిడ్డు కొంత వదిలింది కానీ, రాళ్లను పట్టుకుని బతికే ఆల్చిప్పలు, నత్తలు, నాచు ఉడికిపోయాయి. చమురును తట్టుకున్నవీ మిగల్లేదు. కడగకుండా వదిలేసిన చోట్లే కొన్ని ముందు కోలుకున్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అక్కడి కొన్ని ఒడ్డుల్లో చిన్న గొయ్యి తవ్వితే నల్లటి చమురు ఊరేది.

ఇలాంటి తిప్పలే మన తీరానికీ వచ్చాయి. 2017లో చెన్నై దగ్గర ఎన్నూరులో రెండు ఓడలు ఢీకొన్నప్పుడు ఒడ్డుకు చేరిన చమురు తెట్టు పంపులకు లొంగనంత చిక్కగా ఉంది. చివరికి జనం బకెట్లతోనే తోడిపోశారు.