మీకు తెలుసా? పాత పోర్షే 911కు కరెంటు ఏసీ

పాత పోర్షే 911లో ఇంజన్ వెనక ఉంటుంది, చల్లగాలినిచ్చే ఎవాపరేటర్ మాత్రం ముందు. కంపెనీ ఏసీలో కంప్రెసర్‌ను ఇంజన్ బెల్టే తిప్పుతుంది కాబట్టి గ్యాసు రబ్బరు గొట్టాల్లో కారు పొడవునా ప్రయాణించాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గొట్టాల గోడల్లోంచే గ్యాసు మెల్లగా జారిపోతుంది. ఇంజన్ మూతకు బిగించిన కండెన్సర్ ఇంకో తలనొప్పి: గాలితోనే చల్లబడాల్సిన ఇంజన్, దాని మీదుగా వేడెక్కి వచ్చిన గాలినే పీల్చుకోవాలి.

కరెంటు కంప్రెసర్‌కు బెల్టు అక్కర్లేదు. దాన్ని ముందు భాగంలో అమరిస్తే గొట్టాలు కురచవుతాయి. ట్రాఫిక్‌లో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నా చల్లదనం తగ్గదు. అసలు భారం ఆల్టర్నేటర్ మీద పడుతుంది. 1,000 వాట్ల కంప్రెసర్ 12 వోల్టుల దగ్గర 80 ఆంపియర్లకు పైగా లాగుతుంది. 1970ల నాటి ఆల్టర్నేటర్ అంత ఇవ్వలేదు. దాన్ని మార్చి, లావు వైర్లు, విడిగా ఒక ఫ్యూజు వేయాల్సిందే.

నూనె విషయంలో మాత్రం పొరపాటు పనికిరాదు. ఈ కంప్రెసర్‌లో మోటారు చుట్లు గ్యాసు, నూనెల్లోనే తడుస్తుంటాయి. అందుకే బెల్టు కంప్రెసర్ల పీఏజీ నూనె కాకుండా, కరెంటును బాగా అడ్డుకునే పీఓఈ నూనె పోస్తారు. పాత ఆర్-12 గ్యాసు స్థానంలో సాధారణంగా ఆర్-134ఏ నింపుతారు.