పెట్రోలులో కలిసిన సీసం

ఇది ఇక్కత్ చీరల పోచంపల్లి కాదు, కృష్ణగిరి జిల్లా పోచంపల్లి. 2021 చివర్లో ఇక్కడి ఓలా ఫ్యాక్టరీ బ్యాటరీ స్కూటర్లు కొన్నవాళ్ల ఇళ్లకు చేరడం మొదలైంది. అదే ఏడాది జూలైలో అల్జీరియా సీసం పెట్రోలు ఆపేసింది. రోడ్డు బండ్లకు దాన్ని అమ్మే చివరి దేశం అదే.

ఆ సీసం టెట్రాఇథైల్ లెడ్ రూపంలో ఉండేది. ఒక సీసం పరమాణువుకు నాలుగు ఇథైల్ గుంపులు అంటుకున్న, రంగులేని ద్రవం. నీళ్లలో కరగదు. పెట్రోలులో ఇట్టే కలుస్తుంది, ఒంట్లోని కొవ్వులోనూ అంతే. అందుకే చర్మం గుండా దిగి మెదడును పట్టుకుంటుంది.

మంట చేరకముందే పెట్రోలు ఆవిరి తనంతట తాను భగ్గుమంటే ఇంజను టకటకా కొట్టుకుంటుంది. ఇదే నాకింగ్. టెట్రాఇథైల్ లెడ్ వేడికి విడిపోయి, అందులోంచి పుట్టిన సీసం ఆక్సైడు రేణువులు ఆ తొందరను అణుస్తాయి. 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ ఇంజనీరు థామస్ మిడ్జ్‌లీ ఈ గుణం కనిపెట్టాడు. ఆల్కహాలు కూడా ఈ పని చేస్తుందని ఆయనకు తెలుసు. కాకపోతే ఆల్కహాలుకు పేటెంటు రాదు!

1924లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ ద్రవం సోకి అయిదుగురు కార్మికులు మతిచలించి చనిపోయారు. అక్టోబరు 30న మిడ్జ్‌లీ విలేకరుల ఎదుట ఆ ద్రవంతోనే చేతులు కడిగి చూపించాడు. అంతకు ముందు ఏడాది సీసం తగిలి సెలవు పెట్టింది కూడా ఆయనే.

1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 మోపెడ్ బయటికొచ్చేనాటికి మన బంకుల్లో దొరికేది సీసం పెట్రోలే. పొగగొట్టం వదిలిన సీసం దుమ్ములో చేరేది, దుమ్ము పిల్లల నోళ్లలోకి చేరేది. హోసూరు దగ్గర బాలిగానపల్లిలో శాంతిభవన్ బడి పెట్టిన అబ్రహాం జార్జ్ ఈ సంగతిని పట్టించుకున్నారు. 1990ల చివర్లో ఆయన ఫౌండేషన్ హైదరాబాద్, చెన్నైతో సహా పలు నగరాల్లో రక్తపరీక్షలు చేయించింది. పన్నెండేళ్లలోపు పిల్లల్లో సగం మందికి డెసిలీటరు రక్తంలో 10 మైక్రోగ్రాములకు మించి సీసం తేలింది.

1994 నుంచి మోతాదు తగ్గిస్తూ వచ్చిన ప్రభుత్వం, 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలునే అమ్మించింది. ఇప్పుడు అందులో 20 శాతం దాకా కలుపుతున్నది మిడ్జ్‌లీ పక్కన పెట్టిన ఆ ఆల్కహాలునే.

ఆకాశంలో మాత్రం సీసానికి ఇంకా చోటుంది. హోసూరు శివారు బెళగొండపల్లిలో తనేజా సంస్థ తయారుచేసిన పీ68సీ లాంటి పిస్టన్ విమానాలు వాడే ఇంధనంలో లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండొచ్చు. దాన్ని వదిలించుకోవడానికి అమెరికా పెట్టుకున్న గడువు 2030.