జీవామృతం ఒక్కటే చాలన్నాను, పీజీ చదివాక లెక్క మార్చుకున్నాను

పై వీడియోలో గట్టు మీద నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నది నేనే. "పొలం చేసుకునేవాడివి, ఈ వయసులో జీవావరణ శాస్త్రం పీజీ ఎందుకయ్యా?" అని చాలామంది అడుగుతున్నారు. వీడియోలో సగమే చెప్పగలిగాను. చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉన్న మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట నల్గొండ వైపు నుంచి ఒక రైతన్న ఫోన్ చేశారు. "తమ్మీ, నీ వీడియో చూసే యూరియా బంద్ చేసిన. పదిహేను రోజులకోపారి జీవామృతం పారిచ్చిన. ముప్పై బస్తాలు అయ్యే కాడ ఈసారి పన్నెండే అయినయ్. నేనేడ తప్పు చేసిన్నో చెప్పు" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నా దగ్గర జవాబు లేదు. "నమ్మకంతో చేయండన్నా, రెండో ఏడాదికి నేల మారుతుంది" అనేసి ఫోన్ పెట్టేశాను. ఆ మాట నాకే నచ్చలేదు. మాది కృష్ణా డెల్టా. మా చేలో మొదటి ఏడాది నుంచీ పాతిక బస్తాలకు తగ్గలేదు. అదే జీవామృతం, అదే మోతాదు. మరి ఆయనకెందుకు పోయింది?

అగ్రికల్చర్ డిప్లొమాలో ఎకరాకు ఎన్ని కట్టలు వేయాలో నేర్పారు. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చాక ఏ కషాయం ఎన్ని లీటర్లో నేర్చుకున్నాను. రెండు చోట్లా మోతాదులే. నేల లోపల అసలు ఏం జరుగుతుందో గట్టిగా నేర్చుకోలేదు. ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ అప్పటికే చేతిలో ఉంది కాబట్టి దూరవిద్యలో పీజీకి కట్టాను.

తేలికేం కాదు. పుస్తకాలన్నీ ఇంగ్లీషు. ఒక పేజీ చదవడానికి మొదట్లో గంట పట్టేది. స్టాటిస్టిక్స్ దగ్గర రెండుసార్లు మానేద్దామనుకున్నా. పరీక్షలు సరిగ్గా నారుమడి రోజుల్లోనే వచ్చేవి. అయితే మొదటి ఏడాదిలో రాసిన ఒక అసైన్‌మెంట్ నాకు పెట్టిన డబ్బంతా తిరిగిచ్చేసింది. "మీకు తెలిసిన ఒక పొలానికి నత్రజని జమాఖర్చు రాయండి" అన్నదే ఆ ప్రశ్న.

మా చేను లెక్కే వేశాను. మీరూ కాగితం తీసుకుని వేయండి. ఎకరా జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. పచ్చి పేడలో నత్రజని అర శాతం లోపే. మూత్రంలో ఒక శాతం అటూ ఇటూ. శనగపిండిలో ఐదో వంతు ప్రొటీన్, అందులో ఆరో వంతు నత్రజని. అంతా కూడితే ఒకసారికి పావు కిలో దాటదు. పంటకాలంలో ఎనిమిదిసార్లు పారించినా రెండు కిలోల లోపే.

ఇక ఖర్చు చూడండి. టన్ను ధాన్యం పండాలంటే గింజకూ గడ్డికీ కలిపి వరి 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. 75 కిలోల బస్తాలు పాతిక అంటే దాదాపు 1.9 టన్నులు. అంటే సుమారు 30 కిలోల నత్రజని కావాలి. జమ రెండు, ఖర్చు ముప్పై. మిగతా ఇరవై ఎనిమిది ఎక్కడిది?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా చేలో ఏటా జరిగే పనులు ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకున్నా. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లుతాం. అది మా నాన్న కాలం నుంచీ ఉన్న అలవాటు. వేసవి చివర్లో జీలుగ వేసి పూత దశలో కలియదున్నుతాను. జీలుగ బాగా ఎదిగితే ఎకరాకు 20, 30 కిలోల నత్రజని నేలకిస్తుంది. గడ్డిలో సగం చేలోనే వదిలేస్తాను. నిలవ నీళ్లలో పెరిగే నాచు కూడా గాలిలోని నత్రజనిని పట్టి కొంత ఇస్తుంది. ఇవన్నీ చేస్తూ, వీడియోలో మాత్రం డ్రమ్ము పక్కన నిలబడి "అంతా జీవామృతం మహిమ" అని చెప్పాను.

నల్గొండ అన్నది బోరు కింద వరి మీద వరి. మధ్యలో పప్పుజాతి పంట లేదు. గడ్డి కట్టలు కట్టించి అమ్మేస్తారు. జీవామృతం సూక్ష్మజీవులను పెంచే తోడు లాంటిది, ఆ మాట దాన్ని నేర్పినవాళ్లూ చెప్పారు. నేనే సరిగా వినలేదు. వంటమనిషిని పిలిచి బియ్యం ఇవ్వకపోతే అన్నం ఎలా వండుతుంది?

రెండో ఏడాది ప్రాజెక్టుకు ఇదే ఎంచుకున్నా. అర ఎకరం చిన్న మడులు చేశాను. కొన్నిట్లో జీలుగ, కొన్నిట్లో జీవామృతం, కొన్నిట్లో రెండూ, కొన్నిట్లో ఏదీ లేదు. ఒక్కో రకానికి నాలుగేసి మడులు. ఏది ఎక్కడ రావాలో మా పాపతో చీటీలు తీయించాను. మంచి నేల ఉన్న మూల నాకిష్టమైన రకానికి ఇచ్చుకోకుండా అదే కాపలా.

జీలుగ వేసిన మడులకూ వేయనివాటికీ తేడా గట్టు మీంచే కనిపించింది. జీవామృతం ఇచ్చిన, ఇవ్వని మడుల మధ్య తేడా మాత్రం, ఒకే రకం మడుల్లో ఒకదానికొకటి ఉన్న తేడా కంటే ఎక్కువ రాలేదు. ఇది ఒక్క పొలం, ఒక్క సీజన్ ఫలితం. దీన్ని పట్టుకుని ఎవరూ డ్రమ్ములు బోర్లించొద్దు, నేనూ మానలేదు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలుపెట్టిన గోధుమ మడులు ఇప్పటికీ నడుస్తున్నాయి. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో నల్లరేగడి మీద 1976 నుంచి ఒక ప్రయోగం సాగుతోంది. నేల సంగతి తేలాలంటే అంత ఓపిక కావాలని చదువులోనే అర్థమైంది.

ప్రాజెక్టు అయ్యాక అన్నకు ఫోన్ చేశాను. "అన్నా, తప్పు మీది కాదు, నాది. సగమే చెప్పాను" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడేం చెయ్యాల్నో పూర్తిగ చెప్పు" అన్నారు. యాసంగి కోతయ్యాక జీలుగ, ఒక కారు వరి బదులు పెసర, గడ్డి కొంత చేలోకే. పోయిన వానాకాలం ఇరవై రెండు బస్తాలు అయ్యాయి. ముప్పైకి ఇంకా రాలేదు. ఆ పాత వీడియో కింద ఈ సవరణ రాసి పెట్టాను.

చదవాలనుకునే వాళ్లకు దారులు చెబుతాను. డిప్లొమా చేసినవాళ్లు అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరొచ్చు. డిగ్రీ ఉంటే ఇగ్నోలో పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీ, పర్యావరణ అధ్యయనం ఎమ్మే దూరవిద్యలో ఉన్నాయి. కాలేజీకి వెళ్లగలిగితే పాండిచ్చేరి యూనివర్సిటీలో జీవావరణ, పర్యావరణ శాస్త్రాలకు ప్రత్యేక విభాగమే ఉంది, సీయూఈటీ పీజీ రాయాలి. అర్హతలు ఏటా ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. కట్టే ముందు ఒక్కటి అడగండి: ప్రాజెక్టు మన పొలంలో చేసుకోనిస్తారా అని. ఒప్పుకోకపోతే నేనైతే చేరను.

చదవడం కుదరనివాళ్లు జమాఖర్చు కాగితం ఒక్కటైనా రాయండి. వచ్చే వీడియోలో 25 సెంటీమీటర్ల చదరం, 30 సెంటీమీటర్ల లోతు గుంట తీసి వానపాములు ఎలా లెక్కపెట్టాలో చూపిస్తాను. వచ్చిన లెక్కను 16తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్నో తెలుస్తుంది. పార, పాత గోనెపట్టా ఉంటే చాలు. మీ చేలో ఎన్ని వచ్చాయో కామెంట్లలో రాయండి. తక్కువ వచ్చినా దాచకండి, నేనూ దాచను.