మూడెకరాలకు చిన్న ట్రాక్టర్ కొనాలా? ముందు ఈ లెక్క చూస్కోండి

గల్ఫ్ నుంచి తిరిగొచ్చి నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు రెండు మూడెకరాలు సాగు చేసుకుంటున్నవాళ్లలో చాలామందికి చిన్న ట్రాక్టర్ మీద మనసు ఉంటుంది. మృగశిర కార్తెలో వాన పడగానే ఊరంతా ఒకేసారి ట్రాక్టర్ కోసం పరుగెత్తుతుంది. మన వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. కాబట్టి సొంత బండి ఆలోచన తప్పేం కాదు. కానీ ఏళ్ల కష్టార్జితం పెట్టే ముందు లెక్క వేయాలి.

గంటకు ఎంత పడుతుంది?

15 నుంచి 30 హెచ్‌పీ లోపు ట్రాక్టర్లు రకాన్ని బట్టి సుమారు 3 నుంచి 6 లక్షల రూపాయలు ఉంటాయి. రోటవేటర్, కల్టివేటర్, ట్రాలీ ఖర్చు వేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బేరం ఆడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఉదాహరణకు అన్నీ కలిపి 6 లక్షలు అయ్యాయి, పదేళ్ల తర్వాత రెండున్నర లక్షలకు అమ్మారు అనుకుందాం. అంటే ఏడాదికి 35 వేలు తరుగు. మూడెకరాల్లో రెండు పంటలకు దున్నకం, రోటవేటర్, కలుపు, మందు కొట్టడం అంతా కలిపినా ఏడాదికి 70 గంటలు దాటడం కష్టం. గంటకు 500 రూపాయలు తరుగుకే పోయింది. దీనికి డీజిల్ (పనిని బట్టి గంటకు 2 నుంచి 4 లీటర్లు), ఆయిల్, టైర్లు, ఇన్సూరెన్స్ కలపాలి. అదే పక్క రైతుల పని కూడా చేసి 250 గంటలు తిప్పితే తరుగు గంటకు 140కి దిగుతుంది. ఈ మొత్తాన్ని మీ ఊరి కిరాయి పక్కన పెట్టి చూడండి.

ఎవరికి పనికొస్తుంది?

మామిడి, బత్తాయి తోటలు, కూరగాయలు, పత్తి సాళ్ల మధ్య గుంటక లాంటి పనులకు చిన్న ట్రాక్టర్ బాగా నప్పుతుంది. కొనేముందు చక్రాల వెడల్పు మీ సాళ్లకు సరిపోతుందా అని టేపుతో కొలవండి. లోతైన నల్లరేగడిలో పెద్ద నాగలి లాగాలంటే మాత్రం దీనికి భారమే.

డబ్బు, సబ్సిడీ

ట్రాక్టర్ లోన్ కిస్తీలు చాలాచోట్ల ఆరు నెలలకోసారి ఉంటాయి. ఒక్క పంట పోతే కిస్తీ ఆగుతుంది, వడ్డీ ఆగదు. వడ్డీ జోలికి వద్దనుకునేవాళ్లు అన్నదమ్ములు, పక్క రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి నగదుతో కొనుక్కోవచ్చు. అయితే ఎవరి వాటా ఎంత, ముందు ఎవరి చేను, రిపేరు ఎవరిది అన్నది కాగితం మీద రాసుకోవాలి. సెకండ్ హ్యాండ్ అయితే ఆర్సీ మీద పాత ఫైనాన్స్ తొలగించారో లేదో చూడాలి.

వ్యవసాయ యాంత్రీకరణ కోసం 2014-15లో కేంద్రం తెచ్చిన పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు పరిమితికి లోబడి 50 శాతం దాకా సబ్సిడీ ఉంది. ప్రస్తుతం నిధులున్నాయా అని రైతు వేదికలో ఏఈఓను అడగండి. మంజూరు కాగితం చేతికొచ్చాకే కొనండి.

ప్రాణం ముందు

రోటవేటర్ తిప్పే పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. లుంగీ అంచు, చున్నీ, కండువా చిక్కితే విడిపించుకునే టైం ఉండదు. షాఫ్ట్ మీద కవర్ తీయొద్దు. ఇంజిన్ ఆపాకే దగ్గరికి వెళ్లాలి. గట్లు అడ్డంగా ఎక్కిస్తే తేలికపాటి బండి బోల్తా పడుతుంది. పిల్లల్ని మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టొద్దు.

ట్రాలీలో కూలీలను ఎక్కించడం ఇంకా ప్రమాదం. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీల ట్రాక్టర్ కాలువలో పడి పదిమందికి పైగా చనిపోయారు. ఇలాంటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ దగ్గర పేచీ పెడుతుంది, భారం యజమాని మీద పడుతుంది.

ఒక్క మాటలో చెప్పాలంటే, చుట్టుపక్కల పని దొరికి, నడిపే మనిషి ఇంట్లోనే ఉంటే కొనండి. లేదంటే ఈ సీజన్‌కు కిరాయి ట్రాక్టర్‌ను నాలుగు రోజుల ముందే మాట్లాడి పెట్టుకోండి. మిగిలిన డబ్బు బోరుకో, డ్రిప్‌కో అక్కరకొస్తుంది.